‘హార్స్ ఫెదర్స్’ చూడబోయేవాళ్లకు

1932లో పారమౌంట్ విడుదల చేసిన ‘హార్స్ ఫెదర్స్’ నిడివి గంటా ఎనిమిది నిమిషాలు. నార్మన్ మెక్‌లియడ్ డైరెక్టరు. గ్రౌచో, హార్పో, చీకో, జెప్పో, మార్క్స్ అన్నదమ్ములు నలుగురూ ఉన్నారు. కథ అంటారా, ఒక్క ముక్కలో అయిపోతుంది: ఫుట్‌బాల్‌లో ఎప్పుడూ ఓడిపోయే కాలేజీకి కొత్త ప్రెసిడెంటు వస్తాడు, గెలవడానికి అడ్డదారి తొక్కుతాడు, చివర్లో మ్యాచ్. ఈ కథ కోసమే కూర్చుంటే మాత్రం ఇరవై నిమిషాల్లో లేచి వెళ్లిపోతారు.

నేను కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. పాత సినిమాలు పదిమందిని కూర్చోబెట్టి చూపించడం నాకో పిచ్చి. ఈ సినిమా చూసి పగలబడి నవ్వినవాళ్లనూ చూశాను, మొహం గంటు పెట్టుకున్నవాళ్లనూ చూశాను. తేడా తెలివితేటల్లో లేదు, ఇంగ్లీషులోనూ లేదు. ఈ సినిమాలో ప్రతి సీనూ ఏదో ఒక రూలును పట్టుకుని విరగ్గొడుతుంది. ఆ రూలు తెలిసినవాళ్లకు నవ్వొస్తుంది, తెలియనివాళ్లకు గోల మాత్రమే వినిపిస్తుంది. కాబట్టి చూడబోయే ముందు చేయాల్సిన పని ఒకటే, ఆ రూళ్లు నాలుగు తెలుసుకోవడం. ఎంత తెలుసుకోవాలో అంతే చెబుతాను. ఎక్కువ చదువుకుని వెళ్లినా ప్రమాదమే, ముందే జోకు తెలిసిపోతుంది.

ముందు తెర సంగతి

బొమ్మ దాదాపు చదరంగా ఉంటుంది. టీవీలో అటూ ఇటూ నల్ల పట్టీలు కనిపిస్తే కంగారు పడొద్దు, అవి అలాగే ఉండాలి. తెర నిండా సాగదీసే సెట్టింగు ఉంటే ఆపేయండి. సాగదీస్తే మనుషులు పొట్టిగా లావుగా తయారవుతారు, జూమ్ చేస్తే పైనా కిందా తెగిపోతుంది. హార్పో చేతులు ఏం చేస్తున్నాయో కనిపించకపోతే సగం సినిమా పోయినట్టే.

ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. ఇంగ్లీషు దంచేవాళ్లు కూడా పెట్టుకోండి. గ్రౌచో మాట మీద మాట వేసుకుంటూ పోతాడు, జనం నవ్వుకోవడానికి ఖాళీ ఇవ్వడు. మూడేళ్ల తర్వాత ఎమ్‌జీఎమ్ స్టూడియోకు వెళ్లినప్పుడు వీళ్లు సీన్లను ముందు స్టేజీల మీద ఊరూరా ఆడి, నవ్వు ఎంతసేపు ఉంటుందో చూసుకుని, అంత ఖాళీ వదిలి షూటింగ్ చేశారు. పారమౌంట్ రోజుల్లో ఆ జాగ్రత్త లేదు. ఒక జోకుకు మీరు నవ్వుతుంటే తర్వాతి రెండు పోతాయి. నాకైతే ఈ తొందరే ఇష్టం.

వెనక సంగీతం దాదాపుగా ఉండదు. పాట ఉన్నచోట పాట, లేనిచోట మాటలు, మాటల మధ్య నిశ్శబ్దం. హాలీవుడ్ సినిమాలకు మాట వచ్చి అప్పటికి అయిదేళ్లు. మైకులతో పడిన తిప్పలు వీళ్లకు బాగా తెలుసు. 1929లో తీసిన వీళ్ల మొదటి టాకీ ‘ద కోకోనట్స్’లో కాగితం చప్పుడు మైకులో ఉరుములా పట్టేస్తోందని కాగితాలన్నీ నీళ్లలో తడిపి చేతికిచ్చారు. ‘హార్స్ ఫెదర్స్’ నాటికి ఆ బాధలు తీరాయి, కెమెరా మైదానంలోకి వచ్చి పరుగెత్తగలిగింది. అయినా ఇది ఇంకా మాటను కొత్త బొమ్మలా పట్టుకుని ఆడుకుంటున్న కాలం. అందుకే ఒకడు ఆగకుండా మాట్లాడతాడు, ఒకడు ఇటాలియన్ యాసలో తప్పులు మాట్లాడతాడు, ఒకడు అసలు మాట్లాడడు. నాలుగోవాడు మామూలుగా మాట్లాడతాడు, పాపం అందుకే జెప్పో ఎవరికీ గుర్తుండడు.

ఆ కాలపు అమెరికా, కావలసినంత

1920 నుంచి 1933 డిసెంబరు దాకా అమెరికాలో మద్య నిషేధం. తయారీ, అమ్మకం, రవాణా అన్నీ నేరం. దాంతో ఊరూరా దొంగచాటు బార్లు వెలిశాయి, వాటిని స్పీకీజీలనేవాళ్లు. తలుపుకు చిన్న కిటికీ, లోపల కాపలా మనిషి, సంకేతపదం చెబితేనే ప్రవేశం. రూలు ఇదీ. సినిమాలో ఆ పదం ‘స్వోర్డ్‌ఫిష్’, కత్తిలాంటి ముక్కున్న ఒక చేప పేరు. తలుపు లోపల చీకో, బయట గ్రౌచో. ఇద్దరి మధ్య నడిచే ఆ తంతును నేను వర్ణించను, చూడండి. ఒక్క సంగతి మాత్రం ముందే చెబుతాను: మాటలు రాని హార్పో కూడా ఆ తలుపు దాటాలి. నోరు మెదపకుండా సంకేతపదం చెప్పాలంటే కోటులోంచి ఏమేం తీయాలి? చేప, కత్తి. చేప నోట్లో కత్తి దూర్చి చూపిస్తాడు, తలుపు తెరుచుకుంటుంది. లోపలికెళ్లాక స్కాచ్ కావాలని అడగాలి కదా, స్కాట్లాండు జానపద నృత్యం ఒక చిందేస్తాడు. గ్లాసు వస్తుంది.

చీకో పాత్ర పేరు బారవెల్లి, పైకి ఐసు అమ్మేవాడు, లోపల దొంగమందు. ఇంకా అందరి ఇళ్లలో ఫ్రిజ్‌లు లేవు. పెద్ద పెద్ద ఐసు దిమ్మల్ని ఇనుప పటకారుతో పట్టుకుని ఇంటింటికీ మోసుకొచ్చే మనుషులు ఉండేవాళ్లు. ఐసువాడు ఏ ఇంట్లోకైనా అడగకుండా రావచ్చు. ఆ రూలు గుర్తుపెట్టుకోకపోతే కథానాయిక ‘కానీ’ బెయిలీ అపార్ట్‌మెంటు సీను వెలగదు. ఆవిడతో ఒక్కొక్కరూ సరసానికి వస్తుంటే చీకో, హార్పో ఐసు దిమ్మలతో గదిలోంచి నడిచిపోతుంటారు. ఆ దిమ్మలన్నీ కిటికీలోంచి బయటికే పోతాయి.

కానీని సినిమాలో ‘కాలేజ్ విడో’ అంటారు. భర్త పోయిన ఆవిడ కాదు. కాలేజీ ఊళ్లో ఉంటూ ఏటేటా మారే విద్యార్థులతో తిరిగే అందగత్తెను అప్పటి అమెరికాలో అలా అనేవాళ్లు. 1904లో జార్జ్ ఏడ్ రాసిన నాటకంతో ఆ మాట బాగా ప్రచారమైంది. ఆ వేషం వేసిన థెల్మా టాడ్‌ను జాగ్రత్తగా గమనించండి. చుట్టూ ముగ్గురు పిచ్చివాళ్లు ఎగిరి దూకుతుంటే మొహంలో ఒక్క గీత కదలకుండా నిలబడటం తేలిక కాదు. నా లెక్కలో ఈ సినిమాలో ఎవరికైనా పతకం ఇవ్వాలంటే ఆవిడకే. 1935 డిసెంబరులో, ఇరవై తొమ్మిదేళ్లకే చనిపోయింది.

ఇక కాలేజీ. ఆటల పేరుతో అమెరికా కాలేజీలు ఏం చేస్తున్నాయో 1929లో కార్నెగీ ఫౌండేషన్ వందకు పైగా విద్యాసంస్థల్ని పరిశీలించి ఒక పెద్ద నివేదిక అచ్చువేసింది. చదువుతో పనిలేని ఆటగాళ్లను డబ్బిచ్చి తెచ్చుకోవడం, వాళ్లకు ఉత్తుత్తి ఉద్యోగాలు చూపించడం, పూర్వ విద్యార్థులు చాటుగా జీతాలివ్వడం, అన్నీ అందులో ఉన్నాయి. పేపర్లలో పెద్ద దుమారం రేగింది. సినిమా ఆ దుమారం చల్లారకముందే వచ్చింది. రూలు: కాలేజీ ఆటగాడు డబ్బు తీసుకోని విద్యార్థి అయి ఉండాలి. మన కొత్త ప్రెసిడెంటు ప్రొఫెసర్ క్విన్సీ ఆడమ్స్ వాగ్‌స్టాఫ్, అంటే గ్రౌచో, చేసే మొదటి పని, స్పీకీజీకి వెళ్లి ఇద్దరు ఆటగాళ్లను కొనుక్కురావడం. అసలు ఇద్దర్నీ పక్క కాలేజీ మనిషి అప్పటికే కొనేశాడు కాబట్టి, పొరపాటున ఈయన కొనుక్కొచ్చేది ఐసువాడు చీకోనూ కుక్కల్ని పట్టే హార్పోనూ.

కాలేజీల పేర్లు హక్స్‌లీ, డార్విన్. డార్విన్ పరిణామ సిద్ధాంతానికి ఊరంతా తిరిగి వకాల్తా పుచ్చుకున్నవాడు థామస్ హక్స్‌లీ. ఆ ఇద్దర్నీ ఇక్కడ బద్ధశత్రువుల్ని చేసేశారు. సైన్సు చదివినవాళ్లు మొదటి నవ్వు ఇక్కడ నవ్వుకోవచ్చు, మిగతావాళ్లు తొందరపడక్కర్లేదు.

మొదటి పది నిమిషాలు

ఫోను పక్కన పెట్టి చూడాల్సినవి ఇవే. స్టేజీ మీద పాత ప్రెసిడెంటు ఉపన్యాసం, వెనక గౌన్లూ గడ్డాలూ వేసుకున్న ప్రొఫెసర్లు, ఎదురుగా విద్యార్థులు. కొత్త ప్రెసిడెంటు అదే స్టేజీ మీద ఒక పక్క అద్దం పెట్టుకుని గడ్డం గీసుకుంటున్నాడు, నోట్లో చుట్ట. ఆ చుట్ట పారేస్తే అధ్యాపకులు సంతోషిస్తారని పెద్దాయన మర్యాదగా అంటాడు. అయ్యలారా కూర్చోండి, ఈ చుట్ట కోసం ఎవరూ ఎగబడక్కర్లేదు అని గ్రౌచో. ఆపైన పాట: మీ సలహా ఏదైనా సరే, నేను దానికి వ్యతిరేకం. బెర్ట్ కాల్మర్, హ్యారీ రూబీ కట్టిన ఈ పాటకు ఆ గడ్డాల ప్రొఫెసర్లందరూ కుప్పిగంతులు వేస్తారు.

కాలేజీ మీటింగుల్లో కూర్చుని వచ్చినదాన్ని కాబట్టి ఈ సీను ఎప్పుడు చూసినా నాకు పొలమారుతుంది. ప్రెసిడెంటు ఏమన్నా తలూపే మొహాలు ఎక్కడైనా అవే. సినిమా నిలబడిపోవడానికి ఇదొక కారణమని నా అభిప్రాయం. ఫుట్‌బాల్ తెలియనివాడికి కూడా పెద్దరికం తెలుసు. దాని ముందు చేతులు కట్టుకోవడమూ తెలుసు.

కొంచెం ముందుకెళ్తే ఇంకో మాట వస్తుంది. మనకు స్టేడియం ఉందా అని అడుగుతాడు, ఉందంటారు. కాలేజీ ఉందా, ఉంది. రెండిటినీ పోషించలేం, రేపటి నుంచి కాలేజీ కూలగొట్టడం మొదలుపెడదాం అంటాడు. మరి విద్యార్థులు ఎక్కడ పడుకుంటారండీ అంటే, రోజూ పడుకునేచోటే, క్లాసులో. 1932లో రాసిన మాటలు ఇవి. అమెరికాలో కాలేజీ ఆటగాళ్లు తమ పేరు మీద డబ్బు సంపాదించుకోవడానికి 2021లో దారి తెరుచుకుంది. కాలేజీలే వాళ్లకు నేరుగా డబ్బు ఇచ్చే ఒప్పందాన్ని 2025 జూన్‌లో కోర్టు ఆమోదించింది. వాగ్‌స్టాఫ్ దొంగచాటు బార్లో చేసిన బేరం ఇవాళ లాయర్ల సమక్షంలో జరుగుతోంది. ఏ దేశంలో చదువు కన్నా ఆటకు ఎక్కువ డబ్బు పారినా ఈ జోకుకు వయసు రాదు.

సినిమా మొదలవగానే మా మేనల్లుడు, “అత్తా, వీళ్లు స్టూడెంట్లా?” అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. తీసేనాటికి చీకోకు నలభై అయిదేళ్లు, హార్పోకు నలభై మూడు, జెప్పో తండ్రిగా వేసిన గ్రౌచోకు నలభై ఒకటి, కొడుకు జెప్పోకు ముప్పై దాటాయి. హక్స్‌లీ కాలేజీ 1888 నుంచి ఒక్క మ్యాచ్ గెలవలేదని కథలో అంటారు, హార్పో పుట్టింది సరిగ్గా ఆ ఏడే. గ్రౌచో మీసం చూశారా, అది మీసం కాదు, నల్లరంగు పూత. దాచే ప్రయత్నం కూడా చేయరు. సినిమా అంటే నమ్మించాలి అనేది రూలు. వీళ్లు మొదటి రీలులోనే నమ్మించే పని మానేశారు. మీరూ నమ్మే పని మానేయండి, ప్రాణం హాయిగా ఉంటుంది.

హార్పో కోసం ఇంకోసారి

ఒక్కసారి చూడటంతో ఈ సినిమా పూర్తి కాదు. మొదటిసారి మాటల వెంట పడతారు. రెండోసారి సబ్‌టైటిల్స్ తీసేసి హార్పోను మాత్రమే చూడండి, మిగతావాళ్లు మాట్లాడుతున్నా సరే.

అతని పాత్ర పేరు పింకీ. అతనికో పద్ధతి ఉంది: ఎవరేమన్నా అక్షరాలా తీసుకుంటాడు. ఆటగాళ్ల ఒప్పందం కాగితం మీద సీలు లేదని గ్రౌచో గునిసితే, బతికున్న సీల్ జంతువును ఎత్తుకొస్తాడు. కొవ్వొత్తిని రెండు కొసలా కాల్చకూడదు అని గ్రౌచో నీతి చెబితే, కోటులోంచి రెండు కొసలా మండుతున్న కొవ్వొత్తి తీస్తాడు. పేకముక్కలు కట్ చేయమంటే గొడ్డలితో నరుకుతాడు. ఆకలిగా ఉంది, ఒక కప్పు కాఫీకి చిల్లర ఇప్పించండి అని వీధిలో ఒకతను అడిగితే, పంట్లాంలోంచి పొగలు కక్కే కాఫీ కప్పు తీసి చేతిలో పెట్టేస్తాడు. ఈ చివరిది చూసి నవ్వేసి ఊరుకోకండి. 1932 అంటే మహామాంద్యం నడినెత్తిన ఉన్న రోజులు, కాఫీకి చిల్లర అడిగే మనిషి అమెరికాలో ప్రతి వీధి చివరా ఉన్నాడు. వందమంది ఆ మనిషి వైపు చూడకుండా పోయిన లోకంలో, అడిగింది అడిగినట్టు ఇచ్చినవాడు ఈ పిచ్చివాడొక్కడే.

పోలీసుతో అతని గొడవ కూడా ఇలాగే చూడండి. వీధిలో బండి అడ్డంగా పెట్టినందుకు పోలీసు చీటీ రాస్తే, తనూ ఒక చీటీ రాసి పోలీసు చేతిలో పెడతాడు. పోలీసు బ్యాడ్జి చూపిస్తే, కోటు తెరిచి బోలెడు బ్యాడ్జీలు చూపిస్తాడు. చివరికి ఆ పోలీసు కుక్కల బండిలో తేలతాడు. అధికారం అంటే కాగితం, బిళ్ల, బోను, అంతే కదా అని ఒక్క మాట లేకుండా తేల్చేశాడు.

క్లాసు సీను వీళ్లకు కొట్టినపిండి. సినిమాల్లోకి రాకముందు, 1910ల్లో, అన్నదమ్ములు స్కూలు క్లాసు మీద ఒక హాస్యనాటిక కట్టుకుని ఊరూరా ఆడారు. ఇక్కడ అది శరీరశాస్త్రం క్లాసుగా మారింది. పాఠం చెబుతున్న ప్రొఫెసర్‌ను పక్కకు నెట్టి గ్రౌచో రక్తప్రసరణ మొదలుపెడతాడు. వెనక హార్పో బొమ్మలు మార్చేస్తుంటాడు, మనిషి శరీరం పటం ఉండాల్సినచోట గుర్రం వస్తుంది. గొట్టాల్లో బఠాణీలు పెట్టి ఊదుకునే యుద్ధంతో పాఠం ముగుస్తుంది, యుద్ధంలో ప్రెసిడెంటుగారు కూడా ఉంటారు. ఈ క్లాసు చూసినప్పుడల్లా నాకు జాలేసేది ఆ గడ్డం ప్రొఫెసర్‌ను చూసి.

పడవ, పాట

‘ఎవ్రీవన్ సేస్ ఐ లవ్ యూ’ అనే ఒకే పాటను నలుగురూ కానీకి వినిపిస్తారు. జెప్పో బుద్ధిగా పాడతాడు, అందులో విశేషం లేదు. చీకో పియానో మీద వేళ్లతో పిస్తోలు కాల్చినట్టు మీటుతాడు. హార్పో హార్ప్ మీద వాయిస్తాడు, అది మాత్రం నిజంగా అందమైన వాయింపు. గ్రౌచో పడవలో గిటారు పట్టుకుని, ప్రేమనే వెక్కిరిస్తూ పాడతాడు. ఎవరు పాడితే పాట వాళ్లలా మారిపోతుంది, ఆ తేడా కోసం వినండి.

చీకో పియానో దగ్గర ఒక చిలిపి పని ఉంది. వాయించడం మొదలుపెట్టగానే గ్రౌచో నేరుగా కెమెరా ముందుకొచ్చి, నేనంటే ఇక్కడ ఉండక తప్పదు, మీకేం పట్టింది, ఇది అయ్యేదాకా బయట వరండాలో తిరిగి రండి అని థియేటర్లో జనానికి చెబుతాడు. తెర మీది మనిషి మనల్ని చూడకూడదు అనే రూలుకు ఆ రోజుల్లో ఎంత విలువుందో అనుకోండి. వీళ్లకు స్టేజీ అలవాటు. ఎదుట జనం ఉంటే పలకరించకుండా ఉండలేరు.

పడవ సీనుకు ముందు ఒక సంగతి తెలిసుండాలి. 1931లో అదే పారమౌంట్, థియొడర్ డ్రైజర్ నవల ‘యాన్ అమెరికన్ ట్రాజెడీ’ని సినిమా తీసింది. అందులో ప్రియుడితో పడవ షికారుకు వెళ్లిన అమ్మాయి నీట మునిగి చనిపోతుంది. ఆ సినిమా చూశాక పడవెక్కడం ఇదే మొదటిసారి అని గ్రౌచో అనేది దాని గురించి. తెడ్లు వేస్తున్నది బెయిలీ, ఒళ్లు వాల్చింది గ్రౌచో. హక్స్‌లీ జట్టు రహస్య సంకేతాలు రాబట్టాలని ఆవిడ చంటిపిల్లలా ముద్దుముద్దుగా మాట్లాడుతుంది. దానికి గ్రౌచో ఇచ్చే జవాబు ఇప్పుడు వింటే ముల్లులా గుచ్చుకుంటుంది, పళ్లు రాలగొడతానని బెదిరింపు అది. ఆడవాళ్ల విషయంలో సినిమా వయసు ఇక్కడా, ముగ్గురూ కలిసి ఒకామెను పెళ్లాడే చివరి నిమిషంలోనూ కనిపిస్తుంది. పిల్లలతో చూస్తుంటే ఆ మాట అక్కడే అనుకుని ముందుకెళ్లండి, దాటేయకండి. కాసేపటికి బెయిలీ నీళ్లలో పడి, లైఫ్‌సేవర్ విసరమని అరుస్తుంది. అమెరికాలో ఆ పేరుతో మధ్యలో కన్నమున్న గుండ్రటి పిప్పరమెంటు బిళ్లలు అమ్మేవాళ్లు. గ్రౌచో జేబులోంచి ఒక బిళ్ల తీసి విసురుతాడు.

బెయిలీ అపార్ట్‌మెంటు సీనులో బొమ్మ అక్కడక్కడ గెంతుతుంది, మాట మధ్యలో తెగుతుంది. మీ ఇంటర్నెట్టు తప్పు కాదు, టీవీని కొట్టకండి. 1934 నుంచి హాలీవుడ్‌లో సెన్సారు నిబంధనలు గట్టిగా అమలయ్యాక, పాత సినిమాలు మళ్లీ విడుదల చేయాలంటే కత్తిరించాల్సి వచ్చేది. పోయిన ముక్కలు ఇప్పటికీ దొరకలేదు. 2016లో మార్క్స్ సినిమాల బ్లూ-రే వచ్చినప్పుడు బొమ్మ బాగా తేటపడింది కానీ ఈ గెంతులు అలాగే ఉన్నాయి. దొరికితే ఆ ప్రింటే చూడండి.

ఇప్పుడు ఆట

ఇది అమెరికన్ ఫుట్‌బాల్, కాలితో ఆడేది తక్కువ, చేత్తో పట్టుకుని పరుగెత్తేది ఎక్కువ. జట్టుకు పదకొండుమంది. మైదానం నూరు గజాలు. బంతి చేతిలో ఉన్న జట్టుకు నాలుగు అవకాశాలు, ఆ నాలుగింటిలో పది గజాలు ముందుకెళ్లాలి, వెళ్తే మళ్లీ నాలుగు వస్తాయి. బంతి పట్టుకున్నవాణ్ణి అవతలివాళ్లు పడగొట్టొచ్చు. బంతితో చివరి గీత దాటితే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. ప్రతి ఎత్తుకూ ముందు ఒక ఆటగాడు అంకెలతో, గుర్తులతో రహస్య సంకేతం అరుస్తాడు, తనవాళ్లకే అర్థమయ్యేట్టు. ఇంతకు మించి తెలియక్కర్లేదు. కొందరు ఆటగాళ్ల నెత్తిన ఏమీ లేకపోతే ఆశ్చర్యపోకండి, కాలేజీ ఆటలో హెల్మెట్ తప్పనిసరి అయింది 1939లో.

ఇక లెక్క వేసుకుంటూ చూడండి. సంకేతం రహస్యంగా ఉండాలి. సినిమా సగం ఈ సంకేతాలు దొంగిలించే ప్రయత్నంతోనే నడిచింది, గుర్తుందా? తీరా మైదానంలో చీకో ఒక పిల్లల పాట చరణం అందుకుని, ఈసారి మధ్యలోంచి పోతున్నాం అని అందరికీ వినపడేట్టు అరుస్తాడు. పరుగెత్తేవాణ్ణి చేతులతో ఆపాలి. హార్పో వెనక్కి అరటి తొక్కలు విసురుతూ పరుగెత్తుతాడు, వెంటపడ్డవాళ్లు వరసగా జారిపడతారు. విసిరిన బంతి అవతలివాడి దగ్గరికి పోవాలి. బంతికి రబ్బరు తాడు కడితే తిరిగొస్తుంది. కాళ్ల మీదే వెళ్లాలి. హార్పో రెండు గుర్రాల చెత్తబండి పట్టుకొస్తాడు, అందరూ ఎక్కి రథంలా తోలుకుంటూ గీత దాటేస్తారు. 1925లో వచ్చిన మూకీ ‘బెన్-హర్’లో రథాల పందెం అప్పటికి అందరి కళ్లలోనూ మెదిలేదే, ఆ వీరరసానికి ఇది వెక్కిరింత. ఆఖరిది, బంతి ఒక్కటే ఉండాలి. ఇది ఏ రూల్ బుక్కులోనూ వెతుక్కోనక్కర్లేని రూలు. గీత దాటాక హార్పో ఒక బంతి కింద పెడతాడు, ఇంకోటి పెడతాడు, ఇంకోటి.

డార్విన్ జట్టు ఇద్దరు మల్లుల్నీ గమనించండి. ఒకరు నాట్ పెండిల్‌టన్, 1920 ఆంట్‌వర్ప్ ఒలింపిక్స్‌లో కుస్తీలో రజత పతకం గెలిచినవాడు. రెండోవాడు జేమ్స్ పియర్స్, ఇండియానా యూనివర్సిటీ ఫుట్‌బాల్ ఆటగాడు, తర్వాత 1927 మూకీలో టార్జాన్. నిజమైన కండల్ని తెచ్చి హార్పో ముందు నిలబెట్టారు. దొంగ కండలైతే ఈ ఆట తేలిపోయేది.

చీకో మైదానంలో ఎక్కువ పరుగెత్తడు, దానికీ కారణం ఉంది. షూటింగ్ మధ్యలో అతనికి కారు ప్రమాదం జరిగి మోకాలి చిప్ప, పక్కటెముకలు విరిగాయి. సినిమా వారాల తరబడి ఆగింది. మళ్లీ మొదలయ్యాక దూరపు షాట్లలో అతని బదులు వేరే మనిషిని పెట్టారు. రథం ఎక్కేటప్పుడు చీకో వైపు చూడండి, ఒక్కసారిగా పొడుగైపోతాడు. విడుదలప్పుడు టైమ్ పత్రిక 1932 ఆగస్టు 15 సంచిక ముఖచిత్రం మీద నలుగురూ ఆ చెత్తబండిలోనే నిలబడి ఉన్నారు.

మ్యాచ్ వచ్చేదాకా గెంతించి, మ్యాచ్ ఒక్కటే చూద్దామనుకునేవాళ్లు ఉంటారు. వద్దు. ముందు గంటలో కాలేజీని, పోలీసును, ప్రేమను, సినిమాను వరసగా పడగొట్టుకుంటూ వచ్చారు. ఆ వేగంతో మైదానంలోకి దిగితేనే రథం వచ్చినప్పుడు ఆశ్చర్యం కలగదు, రావాల్సిందే అనిపిస్తుంది.

ఎక్కడ చూడాలి, తర్వాత ఏం చూడాలి

పారమౌంట్ పాత సినిమాల హక్కులు చాలావరకు యూనివర్సల్ దగ్గర ఉన్నాయి, ఇదీ అందులోదే. అమెరికాలో 1932 సినిమాల మీద హక్కులు 2028 జనవరి 1న ముగుస్తాయి. ఆ తర్వాత ఎవరైనా ఉచితంగా పెట్టుకోవచ్చు. ఈలోగా మసకమసక కాపీలు చాలా తిరుగుతుంటాయి, హార్పో కళ్లు కనిపించని కాపీ అయితే మూసేయండి.

ఇది నచ్చితే అదే వేసవిలో అదే స్టూడియో తీసిన ‘మిలియన్ డాలర్ లెగ్స్’ పెట్టుకోండి. 1932 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ వేళకు వచ్చింది. దివాలా తీసిన క్లోప్‌స్టోకియా అనే దేశానికి డబ్ల్యూ.సి. ఫీల్డ్స్ ప్రెసిడెంటు, ఆ దేశంలో ప్రతివాడూ ఆటగాడే. దాన్ని రాసినవాళ్లలో ఒకరైన జోసెఫ్ మాంకీవిచ్ తర్వాత పెద్ద డైరెక్టరయ్యాడు. అదే ఆటను మూకీలో ఎలా ఆడారో చూడాలంటే హెరాల్డ్ లాయిడ్ ‘ద ఫ్రెష్‌మన్’, 1925. అందులో కుర్రాడు రూళ్లన్నీ పాటించి, ఒళ్లు హూనం చేసుకుని, చివరికి గెలుస్తాడు. ‘హార్స్ ఫెదర్స్’, ‘ద ఫ్రెష్‌మన్’ ఒకే రోజు చూసేట్టయితే లాయిడ్‌ను ముందు పెట్టండి. మార్క్స్ తర్వాత లాయిడ్ పడే కష్టం చూస్తే, చెత్తబండి ఒకటి పట్టుకొస్తే పోయేదానికి ఎందుకయ్యా ఇంత ఆయాసం అనిపిస్తుంది.